తెలియక అడిగే ప్రశ్న
(గిడుగు రామమూర్తి స్మారకోపన్యాసం పాఠం)



గిడుగు రామమూర్తి గారి పేరున మాట్లాడమంటే వాడుకభాష ఉద్యమం గురించే మాట్లాడతానని సభలో సగం మంది అనుకునే ఉంటారు. ఆ కథ ఏటా ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న వింటూనే ఉన్నాం. గ్రాంథికవాదులను ఇప్పుడు మళ్ళీ ఓడించాల్సిన పని కూడా లేదు. నన్ను చాలాకాలంగా పట్టుకుని వదలనిది ఆయనలోని మరో గుణం. ఆయనకు వాదించే మనిషిగా పేరు వచ్చింది గానీ, అంతకంటే ముందు ఆయన అడిగే మనిషి. పగలంతా బడిలో పిల్లల చేత జవాబులు చెప్పించుకునే పంతులు గారు, ఇంటికి వచ్చాక ఒక సవర గిరిజనుడి ఎదుట కూర్చుని తానే ప్రశ్నలడిగి జవాబులు రాసుకున్నారు. ఆ తారుమారు గురించే ఇవాళ్టి నా మాటలు.

మన సమాజం ప్రశ్నను గౌరవించదని తరచూ అంటుంటారు. అది సగమే నిజం. అష్టావధానం చూసినవాళ్ళకు తెలుసు, అక్కడ ప్రశ్న అడిగే పృచ్ఛకుడిది తక్కువ పీట కాదు. నిషిద్ధాక్షరి సంగతే చూడండి. అవధాని పద్యం ఎత్తుకోబోతాడు. ఫలానా అక్షరం వాడకూడదంటాడు పృచ్ఛకుడు. అవధాని మరో అక్షరం వేస్తాడు. ఆ అక్షరం చెవిన పడగానే, అవధాని ఏ మాట వైపు పోతున్నాడో ఊహించి, ఆ మాటకు కావలసిన తర్వాతి అక్షరానికి పృచ్ఛకుడు అడ్డం పడాలి. యతి, ప్రాస, గణం, నిఘంటువు అవధానికి ఎంత వచ్చో అడిగేవాడికీ ఇంచుమించు అంత రావాలి. సమస్య ఇచ్చేవాడి పని ఇంకా సున్నితం. పైకి అసంగతంగా వినబడే పాదం ఇవ్వాలి, దాన్ని అర్థవంతం చేసే ఉపాయం మాత్రం ఎక్కడో ఉండితీరాలి. బొత్తిగా పూరించ వీల్లేని పాదం ఇచ్చినవాణ్ణి సభ మెచ్చదు. ఒక్క అప్రస్తుత ప్రసంగం చేసేవాడికే కొంచెం వెసులుబాటు. అయినా అవధానికి చిరాకు తెప్పిస్తూ సభను నవ్వించడం అంత తేలికేం కాదు.

కనుక ప్రశ్న వేయడం ఒక విద్య అని మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. అయితే ఆ విద్య అంతా పరీక్షించే ప్రశ్న చుట్టూ అల్లుకుంది. జవాబో, జవాబుకు పోయే దారో అడిగేవాడికి ముందే తెలుసు. ఎదుటివాడికి తెలుసా లేదా అన్నదే తేలాలి. మన బడి కూడా అక్కడే ఆగింది. ప్రశ్నపత్రం తయారుచేసిన వారికి జవాబు తెలుసు, దిద్దే వారికి తెలుసు, తెలియాల్సింది పిల్లవాడికే. ఇంటర్మీడియట్‌కు వచ్చేసరికి ప్రశ్న ఇంకా చిక్కిపోయి బిట్టయింది. బిట్ బ్యాంకుల మధ్య పెరిగిన పిల్లలను పాఠం అయ్యాక డౌట్లున్నాయా అని అడిగితే క్లాసంతా నిశ్శబ్దం. ఎప్పుడైనా ఒక చెయ్యి లేస్తే, అది సిలబస్‌లో ఉందా సార్ అని అడగడానికే. పిల్లలను తప్పుపట్టి లాభం లేదు. తెలియక అడిగిన ప్రశ్నకు ఇంట్లో ‘ఎదురు ప్రశ్నలు వేస్తావా’ అనీ, బడిలో ‘ఆమాత్రం తెలీదా’ అనీ జవాబు వచ్చిన చోట, తెలిసినట్టు మొహం పెట్టడమే క్షేమం.

గిడుగు వారు 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ముఖలింగం గుళ్ళోని శాసనాల లిపి చదవడం ఎవరూ నేర్పకుండానే పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నారు. రాయి దగ్గర అది చెల్లుతుంది. శాసనాన్ని ఎన్నిసార్లు చూసినా విసుక్కోదు, మీకు నచ్చే జవాబూ చెప్పదు. సవర భాష దగ్గరికి వచ్చేసరికి పుస్తకం లేదు, నోటిమాట తప్ప రాత లేదు. మనుషులను అడిగి తెలుసుకోవడమొక్కటే మార్గం. తెలుగు వచ్చిన సవరను ఇంట్లో ఉంచుకుని ఆయన నేర్చుకోవడం మొదలుపెట్టారు.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ పని ఎంత కష్టమో పైపైన చెబితే తెలియదు. సవర మన తెలుగుకు చుట్టం కాదు, అది ముండా భాష. ముండా భాషలు ఆస్ట్రో–ఏషియాటిక్ కుటుంబంలోవి. తెలుగు మనిషి సహజంగా ఏం చేస్తాడు? చెట్టును ఏమంటారు, పులిని ఏమంటారు, చేపను ఏమంటారు అని ఒక పట్టిక వేసుకుని అడుగుతాడు. జవాబులు వస్తాయి, నోటుపుస్తకం నిండుతుంది, ఏదో నేర్చుకున్నామన్న తృప్తీ కలుగుతుంది. కానీ సవరలో నామవాచకం క్రియలోపలికి చొరబడి, కురచై, దానిలో భాగమైపోతుంది. పులిని పట్టడం అనే పని మొత్తం ఒక్క మాటలో ఇమిడిపోతుంది. విడిగా అడిగినప్పుడు పులికి చెప్పిన పేరు అక్కడ అదే రూపంలో కనిపించదు. పట్టిక వేసుకుని పేర్లు అడిగినవాడికి ఈ సంగతి జన్మలో తెలియదు. అతని ప్రశ్నలోనే తెలుగు వ్యాకరణం దాగి ఉంది. అడిగిన అచ్చులోనే జవాబు వచ్చి పడుతుంది. గిడుగు వారి సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. నామవాచకం క్రియలో కలిసిపోయే ఈ తీరును గురించి రాసే భాషాశాస్త్రజ్ఞులు నేటికీ ఆ వ్యాకరణాన్ని ఉదహరిస్తున్నారంటే, ఆయన పేర్ల పట్టిక దగ్గర ఆగలేదన్నమాట. కథలూ పాటలూ చెప్పించుకుని, మనుషులు మాట్లాడుకుంటుంటే విని, ఆ విన్నదాని మీద ప్రశ్నలడిగారు.

ఇంకో ఇబ్బంది ఉంది. కింది నుంచి కొండమీదికి వెళ్ళిన మనిషి ఏదైనా అడిగితే అది చాలాసార్లు పన్నుకో, అప్పుకో, అడవి హద్దుకో సంబంధించినదే. అలాంటి చోట ప్రశ్న అంటేనే జాగ్రత్తపడతారు. అవతలివాడికి ఏం కావాలో ఊహించి అదే చెప్పి పంపేస్తారు. ఇప్పటికీ సర్వే కాగితాలు పట్టుకుని ఊళ్ళోకి వచ్చే ఉద్యోగికి జరిగేది ఇదే. అధికారం పై నుంచి కిందికి అడిగినప్పుడు జవాబులో సగం భయం, సగం మర్యాద ఉంటాయి. ఏళ్ళ తరబడి తిరిగి, వాళ్ళ భాషలోనే తప్పులు మాట్లాడి, నవ్వించుకుని, దిద్దించుకుంటేగాని ఆ పొర ఊడదు. ఆ తిరుగుళ్ళలో గిడుగు వారికి మలేరియా పట్టుకుంది. క్వినైన్ వాడకం వల్ల చెముడు వచ్చింది. వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి పోయింది వినికిడే. పని మాత్రం ఆయన మానలేదు. నేను ఇందాక చెప్పిన రెండు పుస్తకాలూ ఆ తర్వాత వచ్చినవే.

అడగడంలోని మెళకువను మన విశ్వవిద్యాలయాల్లోకి తెచ్చినవారిలో భాషాశాస్త్రజ్ఞులు భద్రిరాజు కృష్ణమూర్తి గారు ముఖ్యులు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాన్ని తలపెట్టినప్పుడు వ్యవసాయ పదాల సంపుటం ఆయన సంపాదకత్వంలో 1962లో వెలువడింది. చేనేత సంపుటం 1971లో. ఆ పుస్తకాలను నిఘంటువులుగా వాడుకునేవాళ్ళున్నారు. నేను మాత్రం మా విద్యార్థులకు వాటిని ప్రశ్నావళిగా చదవమని చెబుతాను. ఒక్కో పదం పద్దు చూసినప్పుడల్లా, ఈ మాట రాబట్టడానికి రైతును ఏమని అడిగి ఉంటారో ఊహించండి అంటాను.

ఉదాహరణకు నాగలి. కోస్తా జిల్లాల నుంచి వెళ్ళిన చదువుకున్న కుర్రాడు రాయలసీమ రైతుతో, ‘మీరు నాగలిని ఏమంటారు?’ అని అడిగాడనుకోండి. ఆ పెద్దమనిషి మర్యాదకు ‘నాగలే అంటాం నాయనా’ అంటాడు. ఇంటికి వెళ్ళి కొడుకుతో ‘మడక తీసుకురారా’ అంటాడు. కుర్రాడి పుస్తకంలో నాగలి పడింది, మడక పడలేదు. ఆ రైతు అబద్ధమాడలేదు. జవాబును ప్రశ్నలోనే పెట్టి అందించింది కుర్రాడే. పేరు ఎత్తకుండా వేలు చూపించి అడగడం కొంత నయం. అంతకంటే మేలు, ‘వాన పడిన మర్నాడు పొద్దున మీరు ఏమేం సర్దుకుని చేలోకి వెళతారు?’ అని అడిగి ఊరుకోవడం. అప్పుడు మడకా వస్తుంది, కాడీ వస్తుంది, మేడీ కర్రూ వస్తాయి, మనం అడగాలని తెలియని మాటలు మరికొన్ని వస్తాయి. మనకు తెలియదని కూడా మనకు తెలియనివి అలా నోట్లోంచి జారిపడాల్సిందే, పట్టికకు చిక్కవు.

చేనేత పదాల కోసం మా విద్యార్థి ఒకమ్మాయితో కలిసి నేనొకసారి ఓ గుంటమగ్గం దగ్గర కూర్చున్నాను. నేసే ఆయనకు అరవై దాటి ఉంటాయి. ఈ అమ్మాయి ఒక్కొక్కటీ చూపించి అడుగుతోంది. ఇది మగ్గమమ్మా, ఇది పడుగు, ఇది పేక, ఇది నాడె. చంటిపిల్లకు చెప్పినట్టు చెబుతున్నాడు, చెయ్యి ఆపకుండానే. ఆయనకు ఈ ప్రశ్నలు కొత్త కావు, వచ్చినవాళ్ళందరూ ఇవే అడుగుతారు. కొంతసేపటికి ఆ అమ్మాయి కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుని, ‘తాతా, ఇన్ని పోగుల్లో ఒకటి తెగితే నీకెట్లా తెలుస్తుంది?’ అంది. ఆయన మగ్గం ఆపాడు. మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. ‘కన్ను చూసేలోపే చేతికి తెలుస్తుందమ్మా, బరువు మారుద్ది,’ అన్నాడు. అక్కడి నుంచి గంటకు పైగా ఆయనే మాట్లాడాడు. తెగిన పోగును ఎలా కలుపుతారు, పాత పడుగు చివర కొత్త పడుగును అతకడానికి ఎవరిని పిలుస్తారు, గంజి సరిగా పట్టని నూలు ఎలా సతాయిస్తుంది, వానాకాలం మగ్గం ఎలా మొరాయిస్తుంది. నడుమ లోపలికి కేకేసి, కండెలు చుట్టే వాళ్ళావిడను పిలిచి, నువ్వు చెప్పవే అన్నాడు. ఆవిడ ఆయన చెప్పినదాంట్లో రెండు తప్పులు దిద్దింది.

ఆ ప్రశ్నలో ఏముంది? పెద్ద పాండిత్యమేం లేదు. ఆ అమ్మాయి అంతసేపూ మగ్గాన్ని శ్రద్ధగా చూసిందని ఆయనకు అర్థమైంది. తన చేతిలోని నేర్పును అడుగుతోంది గానీ సామాన్లను లెక్కపెట్టడం లేదనీ అర్థమైంది. జవాబు ఆమెకు నిజంగానే తెలియదు, ఏ పుస్తకంలో వెతికినా దొరికేది కాదు. ఇతరులను అడగదగ్గ ప్రశ్నకు నాకు తెలిసిన కొలత ఇదే. అడిగినవాడి శ్రమ అందులో కనబడాలి, అడిగినవాడి జవాబు మాత్రం కనబడకూడదు. మొదటిది లేకపోతే ఎదుటివారి కాలం వృథా. రెండోది ఉంటే అడగడమే వృథా.

ఇక పరిచయాల సంగతికి వస్తాను. మీ తరం నెట్‌వర్కింగ్ అంటుంది. ఈ సభలో ఉన్న పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, టెక్సస్‌లోనో ఉన్న ముక్కూమొహం తెలియని సీనియర్లకు లింక్డ్ఇన్‌లో రోజూ రాస్తున్నవాళ్ళే. ‘సార్, గైడెన్స్ ఇవ్వండి.’ ‘అన్నా, ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి.’ నాకు వచ్చేవి ఇంకో రకం: ‘గురువు గారూ, పీహెచ్‌డీకి మంచి టాపిక్ చెప్పగలరు.’ వీటికి జవాబు రాలేదని నొచ్చుకుంటారు. జవాబు ఎలా వస్తుంది? మీరు అడిగింది ప్రశ్న కాదు. మీరు ఆలోచించాల్సిన దాన్ని ఆయన నెత్తిన పెట్టారు. పైగా అదే మెసేజీ పేరు మార్చి నలభై మందికి వెళ్ళిందని చదివేవాడికి తెలిసిపోతుంది.

ఇందుకు భిన్నమైనది ఒకటి చెబుతాను. ఒక వ్యాసంలో ఫలానా మాట ఉత్తరాంధ్ర అంతటా ఉందని నేను రాశాను. కొన్నాళ్ళకు విజయనగరం జిల్లా నుంచి ఒక విద్యార్థి రాశాడు. మా ఊళ్ళో ఆ మాట లేదు, అమ్మమ్మనూ పక్కింటి ముసలాయన్నూ అడిగాను, ఇద్దరూ వేరే మాట చెప్పారు, అమ్మమ్మ పుట్టిల్లున్న ఊళ్ళో మాత్రం మీరు రాసిందే ఉందట. ఏటికి ఇవతల ఒకటీ అవతల ఒకటీ అయి ఉంటుందా? ఈ సంగతి ఎవరిని అడిగితే తెలుస్తుంది? ఆరేడు వాక్యాలంతే. ఆ రాత్రే జవాబు రాశాను, నాకు తెలిసిన ఇద్దరి నంబర్లు కూడా ఇచ్చాను, ముందు వాళ్ళను అడిగి. ఆ పిల్లవాడు నన్ను పొగడలేదు, తన బయోడేటా జతచేయలేదు. ఇప్పుడతను నాకు మెసేజీ పెడితే మొదట అతనిదే తెరుస్తాను. ఇంతకు మించిన నెట్‌వర్కింగ్ నాకు తెలియదు.

‘ఎవరిని అడిగితే తెలుస్తుంది?’ అన్న ఆ చివరి ప్రశ్నకు మన చరిత్రలో పెద్ద చోటే ఉంది. 1906 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర జిల్లాలకు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. జనం నోట వినబడే తెలుగు వేరు, పుస్తకాల్లో నేర్పే తెలుగు వేరు, ఈ తేడా ఎందుకు, పిల్లలకు ఏది నేర్పాలి అన్నది అతని సందేహం. పుట్టినప్పటి నుంచి ఈ తేడాలోనే బతుకుతున్న మనవాళ్ళలో చాలామందికి అది అడగాల్సిన సంగతిగానే తోచలేదు. బయటివాడి అమాయకత్వానికి అదొక మేలు. అతను విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. ఈ సంగతి చెప్పగలవాళ్ళు ఇద్దరున్నారు, పర్లాకిమిడిలో గిడుగు, విజయనగరంలో గురజాడ అని ఆయన దారి చూపించారు. వాళ్ళిద్దరూ విజయనగరంలో కలిసి చదువుకున్నవాళ్ళే. అప్పటిదాకా గిడుగు వారి శ్రద్ధ ఎక్కువగా సవర మీదా శాసనాల మీదా ఉండేది. ఆ ప్రశ్న వచ్చి తలుపు తట్టాక ఆయన తెలుగు వైపు తిరిగారు. మిగతాది మీకు తెలుసు.

ఈ ఉదంతంలో నాకు యేట్స్ కంటే అయ్యంగారు ఎక్కువ నచ్చుతారు. ఆయన చరిత్ర పండితుడు, కాలేజీ ప్రిన్సిపాలు. తనకు తోచింది నాలుగు మాటలు చెప్పి పంపించేయవచ్చు. నాకంటే వాళ్ళకు బాగా తెలుసు, వాళ్ళను అడుగు అన్నారు. మన దగ్గర పెద్దవాళ్ళు సాధారణంగా ఈ మాట అనరు. ప్రశ్న వచ్చాక జవాబు చెప్పకపోతే పరువు పోతుందని ఏదో ఒకటి చెబుతారు. సభల్లో చూస్తూనే ఉంటాం. ప్రశ్నలు అడగవచ్చు అని అధ్యక్షులు అనగానే మైకు అందుకునే ఆయన ‘ప్రశ్న కాదు గానీ’ అని మొదలుపెట్టి పావుగంట తన ఉపన్యాసం చేస్తాడు. వక్త దానికి మరో పావుగంట జవాబు చెబుతాడు, అడగని దానికి. వెనక వరసలో నిజంగా ఏదో తెలుసుకోవాలనుకున్న అమ్మాయి బస్సు టైమైందని లేచిపోతుంది. వయసు, ఉద్యోగం, కులం, ఆడా మగా, ఇంగ్లీషు రావడం రాకపోవడం కూడా కలిసి మన సభల్లో మైకు ఎవరి చేతికి పోవాలో నిర్ణయిస్తున్నాయి. ప్రశ్నలు రావడం లేదని యువతను నిందించే ముందు మైకు ఎటు తిరుగుతోందో ఒకసారి చూసుకుంటే మంచిది. నేను ఆఖరి వరస నుంచి మొదలుపెట్టమని అధ్యక్షులకు ముందే చెప్పి ఉంచాను.

అడిగి తీసుకున్నది ఏమవుతుంది అన్నది మిగిలింది. పరిశోధకులు ఊళ్ళకు వెళ్ళి గంటలకు గంటలు రికార్డు చేసుకుని వస్తారు. థీసిస్ వస్తుంది, ప్రమోషన్ వస్తుంది. మగ్గం దగ్గర ఆ పెద్దాయనకు ఏం వచ్చింది? సీనియరు చెప్పిన సలహాతో ఉద్యోగం తెచ్చుకున్నవాడు, తెచ్చుకున్నానని ఒక్క ముక్క రాయడు. మళ్ళీ ఉద్యోగం మారాలనుకున్నప్పుడే ఆ సీనియరు గుర్తుకు వస్తాడు. మొదటిసారి అడగడం కంటే, ఆ జవాబుతో ఏం చేశామో తిరిగి వెళ్ళి చెప్పడం కష్టమైన పనేం కాదు. ఎవరూ నేర్పరు, అంతే. సవర పుస్తకాలు రాసినందుకు మద్రాసు ప్రభుత్వం డబ్బు ఇవ్వజూపితే గిడుగు వారు వద్దన్నారు, ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టించమన్నారు. తనకు జవాబులు చెప్పినవాళ్ళ పిల్లలు వాళ్ళ భాషలో చదువుకోవడానికి వాచకాలు రాశారు. అదేదో దానంగా చేసినట్టు మనం చెప్పుకుంటాం. నాకు మాత్రం అది అప్పు తీర్చడంలా కనిపిస్తుంది.

ఈ విశ్వవిద్యాలయం వారికి నాదొక విన్నపం. మీ తెలుగు శాఖ, భాషాశాస్త్ర శాఖ విద్యార్థులు ఇన్నేళ్ళుగా క్షేత్రపర్యటనల్లో సేకరించిన పదాల పట్టికలు, టేపులు బీరువాల్లో ఉన్నాయని విన్నాను. వాటి ప్రతులు ఏ ఊరివి ఆ ఊరి గ్రంథాలయానికో, బడికో పంపించండి. వచ్చే డిసెంబరులో ఎంఏ పిల్లలు మళ్ళీ ఊళ్ళకు వెళుతున్నారట. పాత పట్టిక ఒకటి చేతిలో పెట్టి పంపితే, ‘మా నాన్న చెప్పిన మాట ఇది, మేమిప్పుడు ఇలా అనం’ అని అక్కడివాళ్ళే మొదలుపెడతారు. ఏం అడగాలో పిల్లలు ఆ తర్వాత ఆలోచించుకోవచ్చు.

సెలవు. అధ్యక్షులు మైకు వెనక్కి పంపించాలి.